డాలర్ దిగితే ధర ఎక్కింది సరే, డాలర్ ఎక్కినప్పుడు ఎందుకు దిగలేదు?

2025 ఆగస్టు నెల ఒక్కటి చూడండి చాలు. 3న అమెరికాలో జపాన్ కంపెనీ నింటెండో పాత గేమ్ పెట్టె స్విచ్ ధర 299.99 డాలర్ల నుంచి 339.99కి ఎక్కింది. 21న ఇంకో జపాన్ కంపెనీ సోనీ తన గేమ్ పెట్టె ప్లేస్టేషన్ 5 మీద 50 డాలర్లు పెంచింది. 27న జపాన్ పోస్టు అమెరికా వెళ్ళే సరుకు పార్సిళ్ళు చాలావరకు తీసుకోవడం ఆపేసింది, 29న 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేదన్న మినహాయింపు కాస్తా పోయింది. వీటన్నిటికీ వెనక డాలర్ పతనం ఉంది, ఆ జనవరిలో 158 యెన్లు పలికిన డాలర్ ఏప్రిల్‌లో 140 కిందకి జారి ఆగస్టులో 147 దగ్గర ఊగింది. ముఖ్యమైన కరెన్సీలతో పోల్చి డాలర్ విలువ చెప్పే డాలర్ ఇండెక్స్ 2025 మొదటి ఆరు నెలల్లో 10 శాతానికి పైగా పడింది, 1973 తర్వాత ఏ ఏడాది మొదటి సగంలోనూ ఇంత పతనం లేదు.

అందుకని జపాన్ సరుకు కొనేవాళ్ళు, జపాన్ వెళ్ళేవాళ్ళు ఎక్కువ కట్టుకోవాల్సిందే అని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు. లెక్క ప్రకారం అది తప్పు కాదు. మా కోపం డాలర్ పడినందుకు కాదు, కరెన్సీలు పడతాయి లేస్తాయి. డాలర్ లేచినప్పుడు ఆ లాభం కొనేవాడి చేతికి రాలేదు, పడగానే నష్టం మాత్రం నేరుగా వాడి బిల్లులోకి వచ్చి కూర్చుంది, మా అభ్యంతరం అక్కడ.

ప్లేస్టేషన్ 5నే తీసుకోండి, దీనికంటే స్పష్టమైన ఉదాహరణ మాకు దొరకలేదు. 2020 నవంబర్‌లో అది వచ్చినప్పుడు అమెరికాలో డిస్క్ మోడల్ 499.99 డాలర్లు, జపాన్‌లో పన్ను కాకుండా 49,980 యెన్లు, అప్పుడు డాలర్‌కి 104 యెన్లు. ఆ తర్వాత నాలుగేళ్ళపాటు యెన్ పడుతూ పడుతూ 2024 జులైలో డాలర్‌కి 161 దాటింది. అంటే అమెరికాలో అమ్మిన ఒక్కో పెట్టెకి వచ్చే అవే డాలర్లు కంపెనీ లెక్కల పుస్తకంలో సగానికి పైగా ఎక్కువ యెన్లు అయ్యాయి. అమెరికాలో ధర ఒక్క డాలరైనా తగ్గిందా? లేదు, 499.99 దగ్గరే ఉండిపోయింది. పోనీ జపాన్ వాళ్ళకైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు, వాళ్ళకి పన్నుతో కలిపి 2022 సెప్టెంబర్‌లో 60,478, 2023 నవంబర్‌లో 66,980, 2024 సెప్టెంబర్‌లో 79,980 యెన్లు చేశారు. ఆ చివరి పెంపు వచ్చేసరికి యెన్ అప్పటికే కోలుకుని డాలర్‌కి 145 ప్రాంతంలో ఉంది, అయినా పెంచారు. 2025 ఆగస్టులో డాలర్ పడిందనగానే అమెరికాలో 549.99 చేశారు.

కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఇంకో రాయి పెట్టి తూచే వ్యాపారిని మన ఊళ్ళలో ఏమంటారో చెప్పక్కర్లేదు. యెన్ పడితే జపాన్ వాడు కట్టాలి, డాలర్ పడితే అమెరికా వాడు కట్టాలి, రెండువైపులా కట్టేది కొనేవాడే.

కంపెనీల వాదన కూడా ఉంది. చిప్పులు, విడిభాగాలు డాలర్లలో కొంటామని, పెట్టెలు తయారయ్యేది జపాన్‌లో కాదని, ఆర్డర్లు నెలల ముందే పెడతామని, పైగా ఈసారి అమెరికా వేసిన సుంకాలు కూడా ఉన్నాయని అంటారు. నిజమే, అవన్నీ ఖర్చులే. కానీ ఆ ఖర్చుల లెక్క పెంచేటప్పుడే ఎందుకు గుర్తొస్తుంది? మారకం రేటు మీకు అనుకూలంగా ఉన్న నాలుగేళ్ళూ ఆ లెక్క ఏ బీరువాలో పెట్టారు?

అసలు వీళ్ళకి భరించడం చేతకాదని కాదు. 1985 సెప్టెంబర్‌లో న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఐదు దేశాలు కూర్చుని డాలర్‌ని దించాలని ఒప్పందం చేసుకున్నప్పుడు రేటు డాలర్‌కి 240 యెన్ల దగ్గర ఉండేది, ఏడాది తిరిగేసరికి 150ల్లోకి వచ్చేసింది. అంత పెద్ద దెబ్బ తగిలినా జపాన్ కార్ల కంపెనీలు, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు అమెరికాలో ధరలు ఆ మేరకు పెంచలేదు, మార్కెట్ చేజారిపోతుందన్న భయంతో నష్టంలో పెద్ద వాటా తామే మింగాయి, ఫ్యాక్టరీల్లో ఖర్చు తగ్గించుకున్నాయి. భయం ఉన్నప్పుడు మింగారు, ఇప్పుడు కొనేవాడికి వేరే దారి లేదని తెలిసి వాడి గొంతులో పోస్తున్నారు.

ఆ వేరే దారిని కూడా పద్ధతిగా మూసేస్తున్నారు, ఇది ఇంకా ఎక్కువ మండించే విషయం. యెన్ చవగ్గా ఉంది కదా అని జనం జపాన్‌లోనే కొనుక్కోవడం మొదలుపెట్టారు, అది ఎవరి హక్కునీ కాజేయడం కాదు. 2025 జూన్‌లో నింటెండో కొత్త పెట్టె స్విచ్ 2 వచ్చినప్పుడు ఏం చేశారో చూడండి. జపాన్‌లో 49,980 యెన్ల మోడల్ పెట్టారు, అంటే ఇంచుమించు 345 డాలర్లు, అది జపనీస్ భాషలో తప్ప పనిచెయ్యదు, జపాన్ అకౌంట్ తప్ప ఒప్పుకోదు. అన్ని భాషల మోడల్ కావాలంటే అప్పుడు 69,980 యెన్లు. అమెరికాలో అప్పుడు 449.99 డాలర్లు. జపాన్ పిల్లలకి అందుబాటులో ఉంచాలని తక్కువ ధర పెట్టడం మంచిదే, దాన్ని మేము తప్పుపట్టం, కానీ చవక యెన్ లాభం బయటివాడికి అందకుండా తాళం వెయ్యడం తెలిసినవాళ్ళు, డాలర్ పడ్డ నష్టం బయటివాడికి తగలకుండా కూడా ఒక తాళం వెయ్యొచ్చుగా? అది మాత్రం వెయ్యరు.

ప్రయాణికుల సంగతికొస్తే, విదేశీ టూరిస్టుల కోసం ఉన్న జపాన్ రైలు పాస్ కథ కూడా అచ్చం ఇదే. ఏడు రోజుల ఆర్డినరీ పాస్ 2023 అక్టోబర్ 1న 29,650 యెన్ల నుంచి ఒకేసారి 50,000కి ఎక్కింది, దాదాపు 69 శాతం. విదేశీయులకి యెన్ చవగ్గా ఉంది, భరిస్తారులే అని అప్పట్లో చాలామంది సర్దిచెప్పుకున్నారు. డాలర్ 161 ఉన్నప్పుడు ఆ 50,000 యెన్లు 310 డాలర్లు, 147కి 340, ఏప్రిల్‌లో 140 అయినప్పుడు 357. 2025లో డాలర్ బలం పోయింది కదా, మరి ఆ సర్దిచెప్పిన కారణం కూడా పోయినట్టేగా, పాస్ ధర వెనక్కి వచ్చిందా? రాలేదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్ళేవాళ్ళు "డాలర్ పడితే మనకేంటి, మనది రూపాయి" అనుకుంటే అది పొరపాటు. యెన్ ధర మనకి డాలర్ మీదుగానే తేలుతుంది, 2025లో ఒకపక్క డాలర్ మీద యెన్ బలపడింది, ఇంకోపక్క అదే డాలర్ మీద మన రూపాయి 88 దాకా దిగింది, అంటే గోరుచుట్టు మీద రోకటిపోటు. 2024 జులైలో 100 యెన్లకి సుమారు 52 రూపాయలు పెడితే సరిపోయేది, 2025 ఆగస్టు చివరికి దాదాపు 60 పెట్టాల్సి వచ్చింది. అదే రైలు పాస్ 2024లో 26 వేలు, 2025 ఆగస్టుకి 30 వేలు, నలుగురు వెళ్తే ఒక్క పాసుల మీదే 16 వేల తేడా. 2024లో మన దేశం నుంచి 2 లక్షల 30 వేల మందికి పైగా జపాన్ వెళ్ళారు, చెర్రీ పూల సీజన్‌కి టికెట్లు బుక్ చేసుకునేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి. కొంతమంది టూర్ వాళ్ళు రేటు మారిందంటూ మధ్యలో అదనంగా అడుగుతారు, అడిగితే ఒక్కటే ప్రశ్న వెయ్యండి, యెన్ పడిన ఏడాది ఎవరికైనా డబ్బు వెనక్కి ఇచ్చారా అని.

కౌంటర్ దగ్గర జరిగేది కూడా చెప్పుకోవాలి. టోక్యోలో కప్పాబాషి వీధిలో వంటగది సామాన్ల షాపులుంటాయి, కత్తులు కొనడానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఒక మంచి కత్తి 15,000 యెన్లు అనుకోండి. కార్డు పెట్టగానే మెషీన్ మీద రెండు అంకెలు వస్తాయి, యెన్లలో కడతారా, మీ దేశం కరెన్సీలో కడతారా అని. మన కరెన్సీ అంకె చూడగానే తెలిసినట్టు అనిపించి వేలు అటే పోతుంది. అది నొక్కారంటే రేటు ఆ మెషీన్ వెనక ఉన్న కంపెనీ ఇష్టం, మూడు నాలుగు శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతుంది. యెన్ మీదే నొక్కండి, ఎప్పుడైనా, ఎక్కడైనా. డాలర్ పెరిగినా తగ్గినా ఆ మెషీన్ వాడి వాటా మాత్రం ఎప్పుడూ తగ్గదు, ఇక్కడ కూడా అదే జబ్బు.

ఇక అదే కత్తిని డాలస్‌లో కూర్చుని తెప్పించుకునే మనవాళ్ళ పరిస్థితి. డాలర్ 161 ఉన్నప్పుడు దాని ధర 93 డాలర్లు, 147 దగ్గర 102. 2025 ఆగస్టు 29 దాకా దానిమీద సుంకం లేదు. ఆ రోజు నుంచి జపాన్ సరుకు మీద 15 శాతం వేశారు, అంటే ఇంకో 15 డాలర్లు, దాని మీద కొరియర్ వాడి క్లియరెన్స్ చార్జీ, మొత్తం కలిపితే 120 దాటింది, అందులో పోస్టేజీ లేదు. పోస్టులో వచ్చేవాటికి మొదటి ఆరు నెలలు శాతం బదులు దేశాన్ని బట్టి ప్యాకెట్‌కి 80 డాలర్ల నుంచి 200 దాకా వేసే పద్ధతి కూడా పెట్టారు, 25 డాలర్ల ఇంకు సీసా తెప్పించుకునే విద్యార్థికి దానికి మూడింతల సుంకం అన్నమాట. 100 డాలర్ల లోపు గిఫ్టులకి మినహాయింపు ఉంచారు, అదొక్కటే ఊరట. అదే కత్తి విమానంలో వెళ్ళి కొని సూట్‌కేసులో పెట్టుకొస్తే? తిరిగొచ్చే అమెరికా నివాసికి 800 డాలర్ల దాకా మినహాయింపు అలాగే ఉంది. వెయ్యి డాలర్ల పైన టికెట్ కొనగలిగినవాడికి సుంకం లేదు, ఇంట్లో కూర్చుని ఒక్క వస్తువు తెప్పించుకునేవాడికి ఉంది. ఇది ఏ న్యాయం?

అమెరికా ప్రభుత్వం మాటలు కూడా అంతే. ఆర్థిక మంత్రులు ఎవరొచ్చినా బలమైన డాలరే మా విధానం అంటారు, 2025లో ఆ పదవిలోకి వచ్చిన బెసెంట్ కూడా అదే చెప్పారు. అధ్యక్షుడు ట్రంప్ ఏమో డాలర్ బలహీనంగా ఉంటే అమెరికా సరుకు బాగా అమ్ముడుపోతుందని 2025 జులైలో అందరి ముందే అన్నారు. సుంకం విదేశీయులే కడతారని కూడా ఆయనే చెప్తారు. ఎగుమతిదారులకి, ఫ్యాక్టరీ ఉద్యోగాలకి డాలర్ తగ్గితే మేలు అన్న వాదనలో పస లేదని మేము అనం. కానీ ఆ మేలు ఖరీదు ఎవరి జేబులోంచి పోతోందో ముందు ఒప్పుకోవాలి కదా. డాలర్ పడ్డ మేరకి ఒకసారి, సుంకం మేరకి ఇంకోసారి, ఒకే మనిషి ఒకే వస్తువు మీద రెండుసార్లు కడుతున్నాడు, ఆ మనిషికి మాత్రం నువ్వేం కట్టట్లేదు, బయటివాడు కడుతున్నాడు అని చెప్తున్నారు.

ఈ పద్ధతి మనకి కొత్త కాదు. 2020 మేలో క్రూడ్ ధర నేలకి దిగితే పెట్రోల్ మీద లీటర్‌కి 10 రూపాయలు, డీజిల్ మీద 13 రూపాయలు ఎక్సైజ్ పెంచి ఆ తగ్గింపు బంకు దాకా రాకుండా చేశారు, తర్వాత క్రూడ్ పెరిగినప్పుడు పెంపు మాత్రం బంకు దాకా వచ్చేసి లీటర్ వంద దాటింది. ఒకసారి జనం ఊరుకున్నారంటే అదే రివాజు అయిపోతుంది. పెట్రోల్ దగ్గర ఊరుకున్నాం కాబట్టే గేమ్ పెట్టె దగ్గర, రైలు పాస్ దగ్గర, కత్తి దగ్గర కూడా అదే తూకం నడుస్తోంది.

జపాన్ ప్రభుత్వం కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తోంది. పాత పద్ధతిలో టూరిస్టు 5,000 యెన్లు, ఆ పైన కొంటే షాపులోనే 10 శాతం పన్ను తీసేసి ఇచ్చేవాళ్ళు, 2026 నవంబర్ 1 నుంచి ముందు పూర్తిగా కట్టి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ తనిఖీ అయ్యాక వాపసు తీసుకోవాలి. టాక్స్ ఫ్రీ సరుకు కొని అక్కడే అమ్ముకునేవాళ్ళని ఆపడానికట, ఆ మోసాలు జరిగిన మాట నిజమే. దానికోసం నిజాయితీగా కొన్నవాడు ఫ్లైట్ ముందు క్యూలో నిలబడాలి, వాపసు వచ్చేలోపు రేటు మారితే ఆ తేడా కూడా వాడి ఖాతాలోదే.

కంపెనీలని మేము అడిగేది పెద్ద కోరికేం కాదు. మారకం రేటు కారణంగా ధర పెంచుతున్నాం అంటే, ఏ రేటు దగ్గర పెంచారో రాయండి, రేటు మళ్ళీ ఎక్కడికి వస్తే తగ్గిస్తారో కూడా ఆ పక్కనే రాయండి. 147 దగ్గర 549.99 అయితే, డాలర్ మళ్ళీ 160కి వెళ్ళిన రోజు ఎంత? 2024లో 161 ఉన్నప్పుడు ఒక్క డాలర్ తగ్గించనివాళ్ళు అప్పుడు తగ్గిస్తారని మేము నమ్మట్లేదు. ఆ అంకె రాసే ధైర్యం లేకపోతే డాలర్ పేరు, యెన్ పేరు ఎత్తకండి. పెంచాలనిపించింది, పెంచాం అని చెప్పండి, కొనాలో మానాలో మేము తేల్చుకుంటాం.