సవరణ: ఆవిరి లెక్కలో మా తప్పు

కోల్డ్ ఫ్యూజన్ (మామూలు వేడిమి దగ్గరే పరమాణు కేంద్రకాలు కలిసి వేడి పుడతదనే, రుజువు కాని వాదన) హీటర్‌ను ఎట్ల పరీక్షించాలో చెప్పిన పోస్టులో, పోసిన నీళ్లన్నీ ఆవిరైనట్టే లెక్క కట్టినం. తప్పు. 30 డిగ్రీల నీళ్లు మరగడానికి కిలోకు సుమారు 285 కిలోజౌళ్లు చాలు. ఆవిరి కావాలంటే ఇంకో 2,260 కావాలి. హీటర్ గొట్టంలోంచి ఆవిరికి బదులు వేడి నీళ్లే కొట్టుకొస్తే, ఆ లెక్కలో వేడి అసలు దానికి తొమ్మిది రెట్ల దాకా కనబడుతది. మరిగే నీళ్లకూ ఆవిరికీ డిగ్రీలు ఒకటే కాబట్టి థర్మామీటర్ ఈ తేడా పట్టదు.

ఆ పోస్టులో ‘100 డిగ్రీలు దాటితేనే ఆవిరి’ అన్నదీ సరికాదు. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తు. ఇక్కడ 98 పైచిలుకుకే మరుగుతయి.

గొట్టాన్ని 30 డిగ్రీల నీళ్లు 20 కిలోలున్న బకెట్లో ముంచి, బరువు అరకిలో పెరిగినంక కలిపి చూడండి. నిజమైన ఆవిరైతే దాదాపు 15 డిగ్రీలు పెరుగుతది. ఉత్త వేడినీళ్లైతే రెండు కూడా పెరగదు. పెట్టుబడి అడిగేటోళ్లు ముందు ఇది చూపాలి.