మీసంతో ఎర్రసముద్రంలోకి

జోర్డాన్‌లోని అకాబాలో ముందు కోట చూశాం. 1917లో అరబ్బు సేనలు తుర్కుల చేతుల్లోంచి లాక్కున్న ఊరు ఇదేనని గైడు చెబుతుండగానే మా ఆవిడ టైం చూసుకుంది. ఆవిడ వచ్చింది పగడాల కోసం. ఇక్కడ సముద్రంలో 1985లో కావాలనే ముంచిన సెడార్ ప్రైడ్ ఓడ ఉంది. 2019లో మిలిటరీ మ్యూజియం పేరుతో టాంకులూ హెలికాప్టర్లూ కూడా దించారు. మాలాంటి కొత్తవాళ్లకు మాత్రం అంతకుముందే ఒడ్డుకు దగ్గర్లో ముంచిన పాత టాంకు.

డైవింగ్ వాళ్లు ఫారం ఇచ్చారు. గుండె జబ్బుందా, ఆస్తమా ఉందా, చెవి ఆపరేషన్ అయిందా? అన్నీ అడిగారు. మీసం ఉందా అని మాత్రం ఎవడూ అడగలేదు. డబ్బులు కట్టించుకున్నవాడు నా మొహంలోకి చూసే కట్టించుకున్నాడు మరి.

ఒడ్డున ఇన్‌స్ట్రక్టర్ మాస్కు ఇచ్చి, బెల్టు తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లాగమన్నాడు. లాగాను. అతుక్కోవాల్సిన మాస్కు ఇసుకలో పడింది. మళ్లీ లాగాను. మళ్లీ ఇసుకలోనే. మీసం సందుల్లోంచి గాలి దూరుతోందని అతను నా పై పెదవి వైపు వేలు చూపించి, సంచిలోంచి రేజరు తీశాడు. అంటే ఆ రేజరు ఎప్పుడూ అక్కడే ఉంటుందన్నమాట! ఈ తీరాన ఇప్పటిదాకా ఎన్ని మీసాలు నేలకొరిగాయో. మా తాతగారు పొలం తాకట్టు పెట్టారు గానీ మీసం దించలేదు. "మళ్లీ పెరుగుతుంది లెండి" అంది మా ఆవిడ, రేజరు ఆవిడది కాదు కాబట్టి. ఇన్‌స్ట్రక్టర్‌కేమో గుబురు గడ్డం. దగ్గరికొస్తే తెలిసింది, ముక్కు కింద సన్నటి గీత మేర మాత్రం గొరిగి ఉంది. దొంగ!

చివరికి వాజిలిన్ దగ్గర రాజీ కుదిరింది. బండి ఇరుసుకి కందెన పూసినట్టు బొటనవేలితో దట్టంగా పూశాడు. సరిగ్గా అప్పుడే ఇంకొకడు ఫొటో తీశాడు.

నీళ్లలో దిగాక మాస్కులోకి కళ్లదాకా నీళ్లొచ్చాయి. తల పైకెత్తి, మాస్కు పై అంచు నొక్కి, ముక్కుతో ఊదమని సైగ. ఊదాను. సగం పోయాయి, అంతకు రెట్టింపు వచ్చాయి. మామూలు సముద్రంలో లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పుంటే ఇక్కడ 40 దాకా ఉంటుందట. ఆ తేడా నాలుకకు తెలుస్తుందో లేదో గానీ కంటికి బాగా తెలుస్తుంది.

పైకొచ్చాక మా ఆవిడ టాంకు మీద పెరిగిన పగడాలూ, లయన్‌ఫిష్ రెక్కలూ ఒకటే వర్ణన. నాకు కనిపించింది ఒకే ఒక్క పెద్ద ఆకారం. అది టాంకో, మా ఆవిడో చెప్పలేను. చెప్పకూడదు కూడా.

ఫొటోలకు వేరే దినార్లట, అదీ ముందు చెప్పలేదు. మా ఆవిడ బేరమాడి ఒక్కటి, ఆ ఒక్కటే కొని, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. నిమిషంలో మా అత్తగారి మెసేజ్: "అల్లుడుగారికి జలుబు చేసిందేంటే? ముందు ముక్కు తుడుచుకోమను."