బెల్ తాడు లేని కండక్టర్

2013 నవంబరు 29 రాత్రి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పోలీసు హెలికాప్టర్ ఒకటి క్లూథా పబ్ కప్పు మీద కూలింది. పదిమంది పోయారు: హెలికాప్టర్‌లో ముగ్గురు, పబ్‌లో ఏడుగురు. దర్యాప్తులో తేలిందేమిటంటే, మెయిన్ ట్యాంకులో ఇంకా 76 కిలోల ఇంధనం ఉంది. దాన్ని ఇంజన్ల వైపు తోడాల్సిన పంపులే ఆఫ్‌లో ఉన్నాయి. ఇంధనం తక్కువైందన్న హెచ్చరిక ఐదుసార్లు మోగింది. అది వస్తే పది నిమిషాల్లో దిగిపోవాలి. దిగలేదు. చర్చంతా పైలట్ చుట్టూ తిరిగింది. మిగతా ఇద్దరి సంగతేంటి?

వాళ్లు అబ్జర్వర్లు. బ్రిటన్‌లో ఇప్పుడు టాక్టికల్ ఫ్లైట్ ఆఫీసర్లంటున్నారు. ముందు సీట్లో ఒకరు కెమెరా చూస్తారు, వెనక ఒకరు మ్యాపు, రేడియో చూసుకుంటారు. తప్పిపోయిన మనిషిని వెతికేది, పారిపోయే కారును పట్టించేది వీళ్లే. అయినా హెలికాప్టర్ నడిపే సిబ్బంది లెక్కలో వీళ్లుండరు. దింపాలా వద్దా అన్నది పైలట్ ఇష్టం.

మన ఆర్టీసీ బస్సులో స్టీరింగ్ డ్రైవర్‌దే, కానీ కండక్టర్ బెల్ కొడితే బండి ఆగాల్సిందే. (డ్రైవరే టికెట్లు కొడుతున్న బస్సుల సంగతి వేరే గొడవ.) అబ్జర్వర్‌కూ ఆ తాడు ఇవ్వాలి. ఇంధనం తక్కువని ఎర్ర దీపం వెలిగితే ‘ఇక చాలు, దింపు’ అనే అధికారం రూల్‌బుక్కులో అతని పేరు మీద ఉండాలి.

కెమెరా చూడాల్సినవాడు మీటర్లు చూస్తే దొంగ దొరకడనీ, ఇద్దరు ఆర్డర్లేస్తే గాల్లో గందరగోళమేననీ అంటారు. ఐదు హెచ్చరికలు గమనించడానికి పైలట్ లైసెన్సు కావాలా?

1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే మీద అవతలి విమానం ఇంకా ఉందేమోనని డచ్ కంపెనీ కేఎల్‌ఎం విమానంలోని ఫ్లైట్ ఇంజనీర్‌కు అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. ఖాళీయే అని కెప్టెన్ తేల్చేశాడు. ఇంజనీర్ ఊరుకున్నాడు. కాక్‌పిట్‌లో సొంత కుర్చీ ఉన్నవాడి మాటే అలా కొట్టుకుపోతే, సిబ్బంది లెక్కలోనే లేని అబ్జర్వర్ ఏం నోరెత్తుతాడు? క్లూథా హెలికాప్టర్‌లో వాయిస్ రికార్డర్ లేదు కాబట్టి ఆ ఇద్దరూ ఏమైనా అన్నారో లేదో ఎప్పటికీ తేలదు. పోలీసు హెలికాప్టర్లలో రికార్డర్లు పెట్టాలని దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది. మంచిదే. కానీ రికార్డర్ చెప్పేది అంతా అయిపోయాకే కదా!

ఈ జబ్బు గాల్లోనే లేదు. మన ఆఫీసుల్లో ఫైలంతా తయారుచేసేది ఔట్‌సోర్సింగ్ ఆపరేటర్, సంతకం ఇంకొకరిది. ‘సార్, ఈ లెక్క తేడాగా ఉంది’ అంటే ‘నీకెందుకయ్యా’ అంటారు. రేపు విచారణ జరిగితే మాత్రం మొదట పిలిచేది అతన్నే.