ఐపీ ముత్తాతగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ (దివాలా) చట్టం ముత్తాతగారికి,

హైదరాబాదు నుంచి బాకీపడ్డవాళ్ల నమస్కారాలు. 2016లో దివాలా కోడ్ అనే మునిమనవడు పుట్టాక మీరిక విశ్రాంతి తీసుకుంటారనుకున్నాం. వాడు కంపెనీలను చూసుకున్నాడు, 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీ అప్పులకు పూచీ సంతకం పెట్టినవాళ్లనూ చూసుకుంటున్నాడు. మామూలు మనిషికి రాసిన భాగం మాత్రం ఇంకా కాగితం దిగలేదు. కనుక క్రెడిట్ కార్డులతో మునిగిన మలక్‌పేట జీతగాడికి సిటీ సివిల్ కోర్టులో ఐపీ, అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, పెట్టుకోడానికి మీరే గతి.

ఐదొందల అప్పు ఉండి, తీర్చే దారి లేకపోతే చాలు, మీ గుమ్మం తెరిచే ఉంటుంది. ఎంత విశాల హృదయం! అరువు బిర్యానీ తిన్నవాడికీ అర్హతే.

బ్యాంకుతో సెటిల్‌మెంట్ కుదుర్చుకుని వాయిదాలు కడుతున్నవాడికి మూడో వాయిదా దగ్గర మీరు గుర్తొస్తారు. ఆ సెటిల్‌మెంట్ కాగితం అడుగున సన్నక్షరాల్లో ఒక షరతు ఉంటుంది: వాయిదా తప్పితే రాయితీ రద్దు, కట్టింది జమ చేసుకుని పాత బాకీ మొత్తం వడ్డీతో మళ్లీ లేస్తుంది. సరే, ‘ఇక కట్టలేను’ అని బ్యాంకుకు నోటీసు రాస్తాడు. మీ లెక్కలో ఆ నోటీసే దివాలా చర్య. మూడు నెలల్లోగా దాన్ని పట్టుకుని, అతణ్ని దివాలాదారుగా ప్రకటించమని బ్యాంకే కోర్టుకు వెళ్లొచ్చు.

మీ జ్ఞాపకశక్తికి మాత్రం జోహార్లు. వాయిదా ఎగ్గొట్టి, బావమరిది చేబదులు ముందు తీర్చేసి, మూడు నెలలు తిరక్కుండా ఐపీ పెడితే ఆ పక్షపాతపు చెల్లింపును రిసీవర్ (దివాలాదారు ఆస్తి చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) వెనక్కి లాగుతాడు. ఘట్‌కేసర్ ప్లాటు భార్య పేర గిఫ్ట్ డీడ్ చేసినా అంతే, రెండేళ్లలోపుదైతే రద్దు చేయించొచ్చు. ఈ రెండు పనులూ చేసొచ్చాకే చాలామంది వకీలు గడప తొక్కుతారు.

పోనీ దివాలాదారుగా ప్రకటించారనుకుందాం. ఆస్తి రిసీవర్ చేతికి. తాకట్టు ఇల్లు మాత్రం బ్యాంకు పట్టులోనే. చెక్ బౌన్స్ కేసు క్రిమినల్‌ది, దాని దారి దానిదే. చిట్టీకి షూరిటీ సంతకం పెట్టిన తోటి ఉద్యోగి ఇరుక్కునే ఉంటాడు, ఎందుకంటే అప్పుల నుంచి మీరిచ్చే విముక్తి (డిశ్చార్జి) బాకీదారుకే గానీ పూచీదారుకు కాదు.

ఆ విముక్తి కూడా దానంతటది రాదు! కోర్టు గడువు పెడుతుంది, ఆ లోగా డిశ్చార్జికి దరఖాస్తు చేయాలి. లేదంటే దివాలా ఉత్తర్వే రద్దు, అప్పులోళ్లు మళ్లీ వాకిట్లో. ఐపీ పెట్టేశాం, పీడ పోయిందని చేతులు దులుపుకునేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. దరఖాస్తు చేసినా, తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిదణాల (అంటే సగం) ఆస్తి లేకుంటే, అది తన తప్పు వల్ల కాదని తేలితే తప్ప, పూర్తి విముక్తి లేదు. అణాలండీ! మా రిసీవరు క్యాలిక్యులేటర్లో ఆ మీట ఎక్కడుందో చెబుదురూ.

ఇంకో సందేహం. డిశ్చార్జి కానివాడు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అరువు తీసుకుంటే ఆరు నెలల దాకా జైలన్నారు. రెండు ఇరానీ చాయ్‌లూ, నాలుగు ఉస్మానియా బిస్కెట్లూ ఖాతాలో రాయించుకునేవాడు హోటలు గల్లాపెట్టె దగ్గర ఏమని ప్రకటించుకోవాలో నమూనా ఒకటి పంపగలరు.

ఇట్లు,
వాయిదాల మీదున్నవాళ్లు