మౌనం-4, టేకు ఫ్రేముతో సహా

నగరంలో మళ్ళీ ఫొటో ఎగ్జిబిషన్ పెట్టారు. అంశం పర్యావరణ విషాదం. అంటే మీకు తెలిసిందే: నలుపు తెలుపు, పొగమంచు, నడిమధ్య ఒంటరి చెట్టు. పేరు 'మౌనం-4'. మొదటి మూడు మౌనాలూ అప్పటికే అమ్ముడుపోయాయట.

ఒంటరి చెట్టుని ఫొటో తీయడం మాటలు కాదు. ముందు చుట్టుపక్కల చెట్లన్నీ పోవాలి. ఆ పని ఎవరో పుణ్యాత్ములు చేసిపెడితే మిగతాది కళాకారుడు చూసుకుంటాడు. ఈ 'మౌనం' ఫొటోగ్రాఫరు తన పనితనాన్ని ఎంతో ఓపిగ్గా వివరించారు. కరెంటు తీగలు తీసేశారు. వెనకున్న పసుపు జేసీబీ తీసేశారు. ముందు వరసలో నరికిన మొదళ్ళు కనిపిస్తుంటే వాటినీ ఫొటోషాప్‌లో తుడిచేశారు. "అవుంటే చూపు చెట్టు మీద నిలవదండీ" అన్నారు. నిజమే, నిలవదు. ఒక మేక కూడా ఉండేదట పాపం, దాని మొహంలో విషాదం పలకలేదని తీసేశారు. ఒకావిడ కళ్ళొత్తుకుని, "మా హాల్లో సోఫా వెనక పడుతుందాండీ?" అని అడిగింది. టేపు తెచ్చి కొలిచారు. పడుతుందట. ఫ్రేము అసలు సిసలు టేకేనని నిర్వాహకులు భరోసా కూడా ఇచ్చారు.

చెట్టు ఏ ఊరిదో, పక్కవాటిని ఎవరు కొట్టించారో మాత్రం ఎక్కడా రాయలేదు. అడిగితే, "అది న్యూస్ అవుతుందండీ" అన్నారు.

అవునయ్యా, న్యూసే. 2025 ఉగాది సెలవుల్లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల మీదికి యంత్రాలు దిగినప్పుడు పొగమంచు కోసం ఎవరూ ఎదురుచూడలేదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు సెల్‌ఫోన్లతో తీశారు. చెయ్యి వణికింది, ఫోకస్ లేదు, చీకట్లో జేసీబీ లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. అడ్డం వెళ్ళినవాళ్ళని పోలీసులు ఈడ్చుకెళ్ళి వ్యాన్లెక్కించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి సుమారు 100 ఎకరాలు చదునైపోయాయి. ఆ వీడియోల్లో కళ లేదు. ఎవరు కొడుతున్నారో, ఎక్కడ కొడుతున్నారో ఉంది. గోడకి తగిలించడానికి పనికిరానిది అదే!

ఆ గొడవలోనే, ఏఐతో చేసిన ఫొటోలు పంచారని కొందరి మీద కేసులు పెట్టారు. సరే, లేని జింకని చూపించడం అబద్ధమే. మరి ఉన్న మొదళ్ళని తుడిచేసినాయనకి శాలువా కప్పుతారేం?