‘నిద్దర నేదు బాబూ’ అన్న మాటను ఏ గడిలో వేస్తారు?

తిత్లీ తుపాను వచ్చి వెళ్లిన మరుసటి ఏడాది, శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర ఒక పల్లెకు మానసిక ఆరోగ్యంపై సర్వే చేయడానికి వచ్చిన బృందానికి దారి చూపించే పని నాకు పడింది. ఒక ఇంటి అరుగు మీద యాభై దాటిన ఒకావిడ జీడిపిక్కలు ఒలుస్తూ కూర్చుని ఉంది. జీడి అంటి ఆమె వేళ్లు నల్లబడి, కొసల్లో తోలు లేచి ఉన్నాయి. 2018 అక్టోబరు 11న వీచిన ఆ గాలికి ఆమె కొబ్బరిచెట్లన్నీ నేలకూలాయి. భర్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. బృందంలోని అమ్మాయి కాగితం చూసి, ‘గత రెండు వారాలలో మీరు నిరుత్సాహానికి గాని నిస్పృహకు గాని లోనయ్యారా?’ అని చదివింది. ఆవిడ చేతిలోని పిక్క వదలకుండానే నా వంక చూసి, ‘ఏటంటన్నాది బాబూ ఈ పాప?’ అంది. అమ్మాయి అదే వాక్యాన్ని ఇంకాస్త నెమ్మదిగా చదివింది. ఆవిడ అర్థం కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ‘అసలు లేదు’ అన్న గడిలో టిక్కు పడింది.

నేను ఉండబట్టలేక, ‘మనసు బాగుంటందా అమ్మా?’ అని అడిగాను. ‘మనసేటి బాగుంటాది బాబూ! నిద్దర నేదు, గుండెల్లో గుబులు, తెల్లార్లూ దూలాలు లెక్కెట్టుకుంటాను’ అంది. ఆ జవాబు రాయడానికి కాగితంలో చోటు లేదు, టిక్కు మార్చే అధికారం తనకు లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆమెను నేను తప్పుపట్టను, ఎండలో తిరిగి ఇచ్చిన పనిని శ్రద్ధగా చేసింది. తప్పు ఆ కాగితాన్ని ఎక్కడో తయారుచేసి, నిఘంటువు చూసి తెలుగు చేయించి, మా ఊరి మనిషి ఒక్కరికి కూడా ముందుగా చదివి వినిపించకుండా పంపినవారిది. ఆ సర్వేలో ఏమి తేలిందో ఆ పల్లెకు ఇప్పటివరకు ఎవరూ వచ్చి చెప్పలేదు.

ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని నేను, వైద్యుడిని కాను. అయినా మనసుకు వచ్చే జబ్బు సగానికి పైగా మాటల్లోనే బయటపడుతుంది కాబట్టి, మాటల సంగతి తెలిసినవాడిగా ఇది రాస్తున్నాను. పరిశోధన వద్దని అనడం లేదు, అది మాకు అత్యవసరం. 2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే దేశంలోని వయోజనుల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. ఎంతో విలువైన పని అది. కానీ అందుకు ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మా జిల్లాలో ఎందరికి ఏ వైద్యం కావాలో నిర్ణయించేటప్పుడు మనం పట్టుకు తిరుగుతున్నవి ఇతర రాష్ట్రాల అంకెలే.

జింబాబ్వేలో షోనా భాష మాట్లాడేవారు మనసు కుంగిపోవడాన్ని ‘కుఫుంగిసిసా’ అంటారు. అతిగా ఆలోచించడం అని దాని అర్థం. మన ఇళ్లలో ‘బెంగెట్టుకున్నాది’, ‘ఆలోచనలు ఎక్కువైపోయాయి’ అనుకునే మాటకు అది తోబుట్టువులా ఉంటుంది. అక్కడి వైద్యుడు డిక్సన్ చిబాండా 2006లో హరారేలో పెద్దవయసు అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్యకేంద్రాల ఆవరణలో బల్లల మీద కూర్చోబెట్టి, బాధపడేవారితో ఆ మాటల్లోనే మాట్లాడించాడు. విదేశీ విశ్వవిద్యాలయాలు భాగస్వాములుగా వచ్చాయి, పరీక్షించి చూశాయి, 2016లో ఫలితాలు ప్రచురించాయి. ఆలోచన మాత్రం అక్కడిదే, నడిపించినదీ అక్కడివాడే. నేను కోరుకుంటున్న భాగస్వామ్యం ఇటువంటిది.

మెదడు పరిశోధనలో అయితే మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వారితో కలిసి, 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఒక విషయం చెప్పింది: ఒక్క భాషే మాట్లాడేవారి కంటే రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ ఒకే వీధిలో వినిపించే ఊరిలో ఉన్నవారికి తట్టే ప్రశ్న అది. మరి ఇచ్ఛాపురం సంతలో ఒకే మనిషి బేరం ఒడియాలో ఆడి, డబ్బులు తెలుగులో లెక్కపెడతాడు. మెళియాపుట్టి, మందస కొండల్లోని సవర గిరిజన ముసలివాళ్లు బడి మెట్టు ఎక్కకుండానే మూడు భాషల్లో బతుకుతున్నారు. వారి జ్ఞాపకశక్తి గురించి అడగవలసిన ప్రశ్నలు ఈ గడ్డ మీద పుట్టినవారికే ముందు తడతాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు; సవర తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చారు. స్థానిక పరిశోధన ఎలా ఉంటుందో మన జిల్లాకు ఎవరో వచ్చి నేర్పవలసిన పని లేదు.

శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, విజయనగరంలో 2023లో ఒకటి మొదలైంది, ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది. ఏ పరిశోధన జరిగినా ప్రధాన పరిశోధకుడు వీటిలో ఒకచోట కూర్చునేవారు కావాలి. ప్రశ్నలను ఆశా కార్యకర్తలు, డయాలసిస్‌కు వెళ్లేవారి ఇంటివాళ్లు, మగవాళ్లు చేపలవేటకు గుజరాత్ వెళ్లిపోతే ఇల్లు నెట్టుకొస్తున్న ఆడవాళ్లు ముందుగా విని సరిదిద్దాలి. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి మానసిక సమస్యలను గుర్తించే పని చేయించి చూపింది కాబట్టి, వారికి చేతకాదనే మాట ఇక చెల్లదు. ఎమ్మారై యంత్రాలు, గణాంక నిపుణులు, నిధులు బెంగళూరు నుంచి గాని లండను నుంచి గాని రావలసిందే, వాటిని మనస్ఫూర్తిగా ఆహ్వానిస్తాను. ఫలితాలు మాత్రం పరిశోధన పత్రికకు పంపిన నెలలోనే రచ్చబండ దగ్గర తెలుగులో చెప్పాలి. పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు కారణం తెలుసుకోవడానికి ఏళ్ల తరబడి రక్తం, మూత్రం నమూనాలు ఇచ్చినవారున్నారు. జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఇంకో బృందం వస్తే వారు తలుపు తీయడమే గొప్ప, వారి ఓపికను మరోసారి వృథా చేసే హక్కు ఎవరికీ లేదు.

ఆ అరుగు దగ్గరి నుంచి వచ్చిన రాత్రి నేను ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. గుబులు, బెంగ, మనాది, గాబరా, బుర్ర తిరిగిపోవడం, ఒళ్లు తేలిపోవడం, ఏటీ తోచకపోవడం: మా వైపు మనసు బాగోనివాళ్లు అనే మాటలు ఇప్పటికి 43 రాసుకున్నాను. విజయనగరం, బొబ్బిలి వైపు మాటలు నా దగ్గర చాలా తక్కువ, సవర మాటలు రెండే ఉన్నాయి. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇటువంటప్పుడు ఏమంటారో, దిద్దకుండా, వారి నోట వచ్చినట్టే రాసి పంపండి. ఊరి పేరు కూడా రాయండి.