పాత అడ్జస్టబుల్ రేజరు చింతపండుతో తోమే చెంబు కాదు

కొన్ని నెలలుగా మా అనంతపురంలో ఒక వాట్సాప్ సందేశం ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకు తిరుగుతూనే ఉంది. తాతల కాలం నాటి అడ్జస్టబుల్ రేజరు బిగుసుకుపోతే బాగుచేసుకునే పద్ధతి అని దానికి పేరు. అడ్జస్టబుల్ రేజరు అంటే, తల మీద బ్లేడును అదిమిపట్టే రెండు తలుపులు, తల కింద బ్లేడు అంచు దగ్గరి ఖాళీని పెంచి తగ్గించే 1 నుంచి 9 దాకా అంకెల చక్రం ఉన్న గడ్డం గీసుకునే రేజరు. ఆ సందేశంలో ఉన్నది క్లుప్తంగా ఇది: "ఆ రేజరు గట్టి స్టీలు, దానికేమీ కాదు. రాత్రంతా చింతపండు పులుసులో నానబెట్టండి. వదలకపోతే బాత్‌రూం యాసిడ్‌లో రెండు నిమిషాలు ముంచండి. తర్వాత నీళ్లలో మరిగించి, కటింగ్ ప్లేయరుతో పట్టి తిప్పండి. కొబ్బరినూనె వేయండి. తలుపులు సరిగా మూసుకోకపోతే చేత్తో వంచండి. అంకెను 9 మీద పెట్టి గీసుకుంటే చర్మం నున్నగా వస్తుంది." మా వీధిలోని ఒక మాస్టారు దీన్ని నమ్మి, వాళ్ల నాన్నగారి రేజరును పులుసులోనూ, ఆ తర్వాత యాసిడ్‌లోనూ వేసి, చివరికి దాన్ని కాగితంలో చుట్టుకుని నా దగ్గరికి తెచ్చారు. వెండిలా మెరవవలసిన తలుపుల మీద గులాబీ రంగు మచ్చలు, వాటి అంచుల్లో పొరలుగా లేచిన పూత కనిపించాయి. అది ఇక మళ్లీ పూర్వపు రూపానికి రాదు. ఇంకొకరికి ఆ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

అన్ని తప్పులకూ మూలం "గట్టి స్టీలు" అన్న మాట. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పాత అడ్జస్టబుల్ రేజర్లు జిల్లెట్ కంపెనీవి. 1958లో వచ్చిన ఫ్యాట్‌బాయ్, 1960ల మొదట్లో వచ్చిన స్లిమ్, 1969లో వచ్చిన సూపర్ అడ్జస్టబుల్ వాటిలో ముఖ్యమైనవి. ఫ్యాట్‌బాయ్, స్లిమ్ రకాలు ఇత్తడితో చేసి, పైన నికెల్ పూత పూసినవి. బాగా వాడిన రేజరు తలుపుల అంచులను వెలుతురులో పెట్టి చూస్తే, పూత అరిగిన చోట పసుపు తొంగి చూస్తుంది. తల అడుగున ఒక అక్షరం, ఒక అంకె చెక్కి ఉంటాయి. అక్షరం తయారైన సంవత్సరాన్ని, అంకె ఆ సంవత్సరంలోని మూడు నెలల భాగాన్ని చెబుతాయి. గుంతకల్లు రైల్వేలో పనిచేసిన మా పెదనాన్నగారి రేజరు మీద ఎఫ్3 అని ఉంది, అంటే అది 1960 మూడో త్రైమాసికంలో తయారైంది. ఇన్నేళ్ల తర్వాత దాని మీద మిగిలిన పూత ఎంత పలచగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక చింతపండు సంగతి. పూజ సామాన్లను, ఇత్తడి బిందెలను చింతపండుతో తోమితే తళతళలాడతాయన్నది నిజమే, ఎందుకంటే చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఇత్తడి మీద పేరుకున్న చిలుమును కరిగిస్తుంది. బిందెకు పైన పూత లేదు కనుక పలచని పొర పోయినా నష్టం లేదు. రేజరు సంగతి అలా కాదు. పూతలో కంటికి కనపడని రంధ్రాల గుండా ఆమ్లం లోపలి ఇత్తడిని చేరి, రాత్రంతా అక్కడే ఉండి, పూతను కింద నుంచి తినేస్తుంది. బాత్‌రూం యాసిడ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అది మరింత ప్రమాదకరం. ఇత్తడిలో రాగి, జింకు కలిసి ఉంటాయి. ఆ యాసిడ్ జింకును ముందుగా లాగేసి రాగిని మిగులుస్తుంది. మాస్టారి రేజరు మీద నేను చూసిన గులాబీ మచ్చలు అవే.

మరిగించమన్న సలహా మన ప్రాంతానికి మరీ తగనిది. రేజరు బిగుసుకోవడానికి అసలు కారణం తుప్పు కాదు. మన బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి, నీళ్లలో కరగని జిడ్డు పదార్థంగా మారి, పిడి లోపల ఒకదానిలో ఒకటి దూరి తిరిగే గొట్టాల మధ్య గట్టిపడుతుంది, దాని మీద గార చేరుతుంది. నీళ్లు కాచుకునే హీటరు రాడ్డును ఒకసారి గుర్తుతెచ్చుకోండి. కొన్నాళ్లకే దాని చుట్టూ తెల్లటి పెంకు కడుతుంది, ఎందుకంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి కార్బొనేటుగా మారి గట్టిగా అంటుకుంటుంది. బోరు నీళ్లలో రేజరును మరిగించిన మనిషి, తీయవలసిన గారను తన చేతులతోనే దాని లోపల పోస్తున్నాడు. పైగా అంకెల గీతల్లో నింపిన రంగు కూడా ఆ వేడికి ఊడిపోవచ్చు.

దీనికి పనిచేసే మార్గం నెమ్మదైనది, కానీ ఖర్చు లేనిది. రేజరు తలుపులు తెరుచుకుంటే తెరిచి, చెయ్యి పెట్టగలిగినంత వేడి ఉన్న ఫిల్టరు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం కొద్దిగా కలిపి, అరగంట ఉంచాలి. ఆ ద్రవం మామూలు సబ్బులాగా కాల్షియంతో కలిసి కొత్త జిడ్డును తయారుచేయదు, ఉన్న జిడ్డును వదులు చేస్తుంది. తర్వాత మెత్తని టూత్ బ్రష్‌తో తలుపుల కీళ్లను, అంకెల చక్రం సందును తోమి, పిడి అడుగున తలుపులను తెరిచి మూసే నాబును వీలైనంత వరకు అటూ ఇటూ తిప్పి, కడిగి, ఆరబెట్టాలి. మా పెదనాన్నగారి రేజరులో మొదటి రోజు నాబు కదలనే లేదు. రెండో రోజు సాయంత్రం పిడి అడుగు నుంచి బూడిద రంగు ముద్ద ఒకటి జారి గిన్నెలో పడింది. నాలుగో రోజుకు అంకెల చక్రం 1 నుంచి 9 దాకా ప్రతి మెట్టు దగ్గరా టక్కుటక్కుమంటూ తిరిగింది. ఇంకా గార మిగిలితే, సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్‌ను బ్రష్‌తో ఆ మచ్చ మీదనే రాసి, రెండు మూడు నిమిషాల్లో కడిగేయాలి, నానబెట్టకూడదు.

కటింగ్ ప్లేయరు పళ్లు నాబు మీది గీతలను చెరిపేస్తాయి, చక్రాన్ని పట్టి బలంగా తిప్పితే లోపలి మర చెడుతుంది. పట్టు కావాలంటే పాత సైకిలు ట్యూబు ముక్కను నాబుకు చుట్టి చేత్తోనే తిప్పండి. దానికీ కదలకపోతే బలం కాదు, ఇంకో రోజు సమయం కావాలి. మరొక మాట, లోపలి భాగాలను విప్పి శుభ్రం చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇవి ఇంట్లో విప్పి బిగించుకునేలా తయారైన వస్తువులు కావు, విప్పినవాటిని తిరిగి బిగించినప్పుడు చక్రం ఒక పక్కకు జరిగిపోయి, 1 అని కనిపించిన చోట ఖాళీ 4కు తగినంత ఉంటుంది. అది తెలియక గీసుకున్నవారికి రక్తం వస్తుంది.

కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మన దగ్గర ధనుర్మాసపు పొద్దుల్లో సీసాలో గడ్డకట్టే నూనె రేజరు లోపల మాత్రం ద్రవంగా ఉండదు. కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు చాలు.

తలుపులు వంచడం గురించి ఎంత చెప్పినా తక్కువే. బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. అంత పలచని ఉక్కు ఆకును రెండు వైపులా సమంగా అదిమిపట్టడం తలుపుల పని. అవి సరిగా మూసుకోకపోవడానికి చాలాసార్లు కారణం కీళ్లలో చేరిన జిడ్డే, లేదా నాబును చివరిదాకా బిగించకపోవడమే. ముందు కొత్త బ్లేడు వేసి, బిగించి, రేజరును కంటికి అడ్డంగా ఎత్తి, అంచు కింద కనిపించే ఖాళీ రెండు వైపులా సమంగా ఉందో లేదో చూడండి. సమంగా లేకపోతే తలుపులు తెరిచి బ్లేడును మళ్లీ పెట్టండి. శుభ్రం చేశాక కూడా ఒక వైపు ఖాళీ ఎక్కువగా కనిపిస్తే, ఆ రేజరు ఎప్పుడో కింద పడి వంగి ఉంటుంది. దాన్ని చేత్తో సరిచేయబోతే కీలు విరుగుతుంది, దానితో గడ్డం గీసుకోకపోవడమే మేలు.

చివరిగా 9 అంకె. ఆ అంకె పెరిగేకొద్దీ పెరిగేది నునుపు కాదు, బ్లేడు అంచుకూ దాని కింది రక్షణ పట్టీకీ మధ్య ఉన్న ఖాళీ. ఖాళీ పెరిగితే పొడవు వెంట్రుకలు అడ్డుపడకుండా తెగుతాయి, చర్మం కూడా అంతే సులభంగా తెగుతుంది. అయ్యప్ప దీక్ష 41 రోజులు ముగించుకుని వచ్చినవారు ముందు కత్తెరతో గడ్డం తగ్గించి, తర్వాత 6 లేదా 7 మీద పెట్టుకుంటే అర్థముంది. రోజూ గీసుకునేవారు 2 లేదా 3తో మొదలుపెట్టి, వారానికి ఒక్కో అంకె చొప్పున పెంచి చూసుకోవాలి. మన నీళ్లలో సబ్బు నురగ సరిగా కట్టదు, నురగ పలచనైనప్పుడు పెద్ద అంకె మరింత చేటు చేస్తుంది. అంకె మార్చే ముందు నాబును కొద్దిగా వదులు చేసి, మార్చాక మళ్లీ బిగించడం మరవకండి. ఇంకొకరు వాడిన రేజరైతే, శుభ్రం చేసిన తర్వాత పది నిమిషాలు స్పిరిట్‌లో ఉంచి అప్పుడు మొదలుపెట్టండి. గీసుకోవడం అయ్యాక ఒక గ్లాసు ఫిల్టరు నీళ్లతో చివరిసారి కడిగి, నాబును అర చుట్టు వదులు చేసి, తల కిందికి ఉండేలా పొడి గుడ్డ మీద పెట్టండి.